రెండు కేబుళ్లు కలిపితే స్పీడ్ డబుల్ అవుతుందా? ఎల్‌ఏసీపీ ఎవరికి కావాలి, ఎవరికి అక్కర్లేదు

నాస్ బాక్స్ కొనబోతుంటే స్పెక్ షీట్‌లో ఒక లైన్ తరచుగా కనిపిస్తుంది: డ్యూయల్ గిగాబిట్ ల్యాన్, లింక్ అగ్రిగేషన్ సపోర్ట్. రివ్యూల్లో దాని పక్కనే ఇంకో మాట ఉంటుంది: రెండు పోర్టులూ కలిపేస్తే 2 జీబీపీఎస్ వస్తుందని. ఒకటీ ఒకటీ రెండు, లెక్క బాగానే ఉంది. కానీ సెటప్ అంతా పూర్తి చేసి మీ పీసీలోకి ఒక సినిమా ఫైల్ కాపీ పెట్టి చూడండి. సెకనుకు 110 ఎంబీ దగ్గర ఆగిపోతుంది. ఒక్క కేబుల్ ఉన్నప్పుడు కూడా అంతే వచ్చేది.

సెటప్ తప్పు చేశామేమో అని చాలామంది ఇక్కడే రెండు మూడు రాత్రులు పాడు చేసుకుంటారు. సెటప్ తప్పు లేదు. అది పనిచేసే పద్ధతే అంత.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. లింక్ అగ్రిగేషన్ మంచి టెక్నాలజీ. నెట్‌వర్క్ ఆగకుండా ఉండడానికీ, ఎక్కువ మంది ఒకేసారి వాడేచోట రద్దీ తగ్గించడానికీ దాన్ని పెట్టుకోవాలి. ఇంట్లో ఒక్కరు వాడే నాస్‌కి స్పీడ్ కోసం మేనేజ్డ్ స్విచ్ కొనడం మాత్రం డబ్బు దండగ. ఆ డబ్బు 2.5 గిగాబిట్ వైపు పెట్టండి. ఎందుకో, ఎవరికి మినహాయింపో, పెట్టుకునేవాళ్లు ఎలా పెట్టుకోవాలో వరుసగా చూద్దాం.

ఫోన్‌లో అగ్రిగేషన్ వేరు, స్విచ్‌లో అగ్రిగేషన్ వేరు

ఈ గందరగోళానికి సగం కారణం మన ఫోన్లే. ఫోన్ రివ్యూల్లో క్యారియర్ అగ్రిగేషన్ అనే మాట ఏళ్లుగా చదువుతున్నాం. ఎల్‌టీఈ అడ్వాన్స్‌డ్‌తో, అంటే 3జీపీపీ రిలీజ్ 10తో వచ్చిన ఫీచర్ అది. స్క్రీన్ మీద 4జీ ప్లస్ అని కనిపించేది దీనివల్లే. అక్కడ ఒకే డౌన్‌లోడ్‌ని టవర్ రెండు మూడు బ్యాండ్ల మీద ముక్కలుగా పంచుతుంది. మోడెమ్ ఆ ముక్కల్ని మళ్లీ వరుసలో పేర్చి ఫోన్‌కి అందిస్తుంది. కాబట్టి ఒక్క ఫైల్ అయినా నిజంగానే త్వరగా దిగుతుంది.

ఈథర్‌నెట్ లింక్ అగ్రిగేషన్‌లో ఇలా ముక్కలు చేసి పేర్చే పని లేదు. ఒక సంభాషణకి చెందిన ఫ్రేములు వరుస తప్పకుండా చేరాలి అనేది స్టాండర్డ్‌లోనే ఉన్న షరతు. దాన్ని పాటించడానికి సులువైన మార్గం ఒకటే: ఆ సంభాషణ మొత్తాన్నీ ఒకే కేబుల్ మీద పంపడం. పేరు ఒకటే అయినా పని పూర్తిగా వేరు.

రాజమండ్రి, కొవ్వూరు మధ్య గోదావరి మీద రోడ్డు బ్రిడ్జిలు రెండున్నాయి కదా, పాత రోడ్డు కమ్ రైలు వంతెన ఒకటి, తర్వాత వచ్చిన నాలుగో బ్రిడ్జి ఒకటి. పది బస్సుల్లో పెళ్లివారు బయల్దేరారు, వరుస చెదరకుండా అవతలికి చేరాలి అనుకోండి. సగం బస్సులు ఇటు, సగం అటు పంపిస్తే ఏది ముందొస్తుందో చెప్పలేం. అందుకని పది బస్సుల్నీ ఒకే బ్రిడ్జి ఎక్కిస్తారు. రెండో బ్రిడ్జి ఖాళీగా ఉన్నా ఈ పెళ్లివారికి దాంతో లాభం లేదు. వెనకాల ఇంకో పెళ్లి బృందం వస్తే మాత్రం వాళ్లని రెండో దాని మీదికి పంపొచ్చు. ఒక బ్రిడ్జి రిపేరుకి మూసేస్తే అందరూ ఇంకోదాని మీద వెళ్లిపోవచ్చు. లింక్ అగ్రిగేషన్ ఇచ్చే లాభాలు ఈ రెండే.

ఫ్రేముల్ని ఒకటి ఇటు, ఒకటి అటు పంపే పద్ధతి అసలు లేదా అంటే, ఉంది. లినక్స్ బాండింగ్‌లో మోడ్ 0, అంటే రౌండ్ రాబిన్, చేసేది అదే. కానీ ప్యాకెట్లు వరుస తప్పి వస్తే, మధ్యలో ఏవో పోయాయని టీసీపీ అనుకుంటుంది. మళ్లీ పంపించడం మొదలుపెడుతుంది, వేగం కూడా తగ్గిస్తుంది. పైగా అది ఎల్‌ఏసీపీ కిందకి రాదు.

ఎవరు ఏ కేబుల్ మీద వెళ్లాలో ఎవరు చెప్తారు?

బ్రిడ్జి ముందు నిలబడి బండి నంబర్ చివరి అంకె చూసి, సరి అయితే ఇటు, బేసి అయితే అటు పంపే మనిషిని ఊహించుకోండి. స్విచ్‌లో ఆ పని చేసేది హ్యాష్. పంపేవాడి, అందుకునేవాడి మ్యాక్ అడ్రస్‌లు, లేదా ఐపీ అడ్రస్‌లు, లేదా పోర్ట్ నంబర్లు తీసుకుని చిన్న లెక్క చేస్తుంది. వచ్చిన జవాబుని కేబుళ్ల సంఖ్యతో భాగిస్తే మిగిలే శేషమే కేబుల్ నంబర్.

లినక్స్‌లో డిఫాల్ట్ పద్ధతి లేయర్ 2, అంటే మ్యాక్ అడ్రస్ మీద ఆధారపడేది. కేబుళ్లు రెండే ఉన్నప్పుడు, మామూలు ఐపీవీ4 ట్రాఫిక్‌కి, ఇది దాదాపు సరి బేసి ఆటే. నాస్ మ్యాక్ చివరి అంకె సరి, మీ పీసీది సరి, తమ్ముడి పీసీది కూడా సరి అయితే ఇద్దరూ ఒకే కేబుల్ మీద పడతారు. రెండోది ఖాళీగా ఉంటుంది. ఇద్దరే వాడే ఇంట్లో ఇలా జరిగే అవకాశం సగానికి సగం.

ఇంకో చిక్కు కూడా ఉంది. నాస్ నుంచి బయటి ఇంటర్నెట్‌కి పోయేదంతా రౌటర్ మ్యాక్ అడ్రస్‌కే పోతుంది. లేయర్ 2 హ్యాష్ పెడితే ఆ ట్రాఫిక్ మొత్తం ఎప్పుడూ ఒకే కేబుల్ మీద ఉంటుంది. అందుకే ఐపీ, పోర్ట్ నంబర్లు చూసే లేయర్ 3+4 పద్ధతి చాలామంది ఎంచుకుంటారు. ముక్కలైన ప్యాకెట్ల విషయంలో ఇది స్టాండర్డ్‌ని పూర్తిగా పాటించదని లినక్స్ డాక్యుమెంటేషనే చెప్తుంది. మామూలు ఇంటి వాడకంలో ఇబ్బంది రాదు.

ఎక్కువమంది మర్చిపోయేది ఏంటంటే, రెండు చివరలా రెండు హ్యాష్‌లు ఉంటాయి. నాస్ నుంచి బయటికి వచ్చే డేటాకి కేబుల్‌ని నాస్ ఎంచుకుంటుంది, నాస్‌లోకి వెళ్లే డేటాకి స్విచ్ ఎంచుకుంటుంది. నాస్‌లో మాత్రమే సెట్టింగ్ మార్చి, అప్‌లోడ్ ఇంకా ఒకే కేబుల్ మీద వెళ్తోందే అని తల పట్టుకుంటే లాభం లేదు.

పెడితే డైనమిక్కే పెట్టండి

కేబుళ్లని కలిపి కట్టే ఆలోచన కొత్తదేమీ కాదు. భారతీయ మూలాలున్న వినోద్ భరద్వాజ్, లారీ బ్లెయిర్‌తో కలిసి సిలికాన్ వ్యాలీలో పెట్టిన కంపెనీ పేరు కల్పన. భరద్వాజ్ భార్య పేరే కంపెనీకి పెట్టారు. తొలి ఈథర్‌నెట్ స్విచ్ వాళ్లదే, ఈథర్‌ఛానల్ కూడా వాళ్ల ఆలోచనే. 1994లో సిస్కో ఆ కంపెనీని కొనేసింది. అన్ని కంపెనీల పరికరాలూ కలిసి పనిచేసేలా 2000లో ఐఈఈఈ 802.3ఏడీ స్టాండర్డ్ వచ్చింది. 2008లో దాన్ని 802.1ఏఎక్స్ అనే విడి స్టాండర్డ్‌గా మార్చారు. మెనూల్లో మాత్రం ఇప్పటికీ పాత పేరే ఎక్కువ కనిపిస్తుంది.

అందులోదే ఎల్‌ఏసీపీ, అంటే లింక్ అగ్రిగేషన్ కంట్రోల్ ప్రోటోకాల్. స్టాటిక్‌లో స్విచ్‌కి మనం "ఈ రెండు పోర్టులూ ఒకటే" అని చెప్తాం, అది గుడ్డిగా నమ్మేస్తుంది. అవతలి వైపు ఏముందో చూడదు. డైనమిక్‌లో రెండు పక్కలా చిన్న చిన్న మెసేజ్‌లతో పలకరించుకుంటాయి. నువ్వెవరు, నీ గ్రూప్ ఏది, ఈ కేబుల్ నీ దగ్గరికే వచ్చిందా అని అడిగి, జవాబు సరిపోతేనే ఆ కేబుల్‌ని గ్రూప్‌లో చేర్చుకుంటాయి.

తేడా ఎక్కడ తెలుస్తుందంటే, పొరపాటు జరిగిన రోజున. ఒక కేబుల్ పక్కనున్న వేరే పోర్ట్‌లో పెట్టేశారు అనుకోండి. స్టాటిక్ అయితే డేటా అటూ పంపిస్తూనే ఉంటుంది. కొన్ని సైట్లు తెరుచుకుంటాయి, కొన్ని తెరుచుకోవు, ఎందుకో అర్థం కాదు. మధ్యలో మీడియా కన్వర్టర్ ఉంటే ఇంకా ఘోరం, అవతల కేబుల్ తెగినా ఇవతల లైట్ వెలుగుతూనే ఉండొచ్చు. ఎల్‌ఏసీపీ అయితే మెసేజ్‌లు రావట్లేదని గమనించి ఆ కేబుల్‌ని పక్కన పెట్టేస్తుంది. అందుకే నా మాట ఇది: స్విచ్‌లో రెండూ ఉంటే స్టాటిక్ జోలికి పోవద్దు. చవకగా దొరికే చాలా స్మార్ట్ స్విచ్‌లలో స్టాటిక్ ఒక్కటే ఉంటుంది, బాక్స్ మీద మాత్రం లింక్ అగ్రిగేషన్ అని రాసి ఉంటుంది. కొనేముందు స్పెక్ షీట్‌లో ఎల్‌ఏసీపీ లేదా 802.3ఏడీ అనే మాట ఉందో లేదో వెతకండి.

సెటప్ చేసేటప్పుడు

బ్రాండ్‌ని బట్టి మెనూ మారుతుంది, పని మాత్రం ఎక్కడైనా ఇదే.

1. మొదట ఒక్క కేబుల్ మాత్రమే ఉంచండి. రెండు చివరలా సెట్టింగ్ పూర్తయ్యాకే రెండోది పెట్టండి. ముఖ్యంగా రెండు స్విచ్‌ల మధ్య అయితే, సెట్టింగ్ లేకుండా రెండు కేబుళ్లు పెడితే లూప్ అయి నెట్‌వర్క్ మొత్తం కూర్చుంటుంది. స్పానింగ్ ట్రీ ఆన్‌లో ఉంచండి.

2. స్విచ్‌లో కొత్త గ్రూప్ తయారుచేసి పోర్టుల్ని చేర్చండి. అన్నీ ఒకే స్పీడ్, ఫుల్ డ్యూప్లెక్స్ ఉండాలి. ఒకటి 1 గిగాబిట్, ఒకటి 2.5 గిగాబిట్ పెట్టి 3.5 వస్తుందనుకోవద్దు, ఆ రెండూ ఒకే గ్రూప్‌లో కలిసి పనిచేయవు.

3. మోడ్ యాక్టివ్ పెట్టండి. పాసివ్ అంటే అవతలివాడు పలకరిస్తేనే నేను పలుకుతా అని. రెండు వైపులా పాసివ్ అయితే ఎవరూ నోరు తెరవరు, గ్రూప్ ఏర్పడదు. రెండు వైపులా యాక్టివ్ పెడితే ఏ గొడవా ఉండదు. సిస్కో స్విచ్ అయితే ఇంటర్‌ఫేస్‌లో చానల్-గ్రూప్ 1 మోడ్ యాక్టివ్ అనే కమాండ్. అక్కడ మోడ్ ఆన్ అంటే స్టాటిక్, ఆ తేడా గుర్తుంచుకోండి.

4. వీల్యాన్‌లు వాడుతుంటే గ్రూప్‌కి పెట్టండి, విడి పోర్టులకి కాదు.

5. నాస్ లేదా లినక్స్‌లో బాండ్ మోడ్ 802.3ఏడీ ఎంచుకోండి. లినక్స్ లెక్కలో ఇది మోడ్ 4. బాండ్‌కి సాధారణంగా ఒక కార్డు మ్యాక్ అడ్రస్సే వస్తుంది. రౌటర్‌లో మీరు రిజర్వ్ చేసింది రెండో కార్డు మ్యాక్ అయితే నాస్ ఐపీ మారిపోయి కనపడకుండా పోతుంది. కంగారు పడకుండా రౌటర్ లిస్ట్‌లో కొత్త ఐపీ చూడండి.

6. హ్యాష్ పద్ధతిని రెండు చివరలా చూసుకోండి.

7. రేట్ అని ఒక సెట్టింగ్ ఉంటుంది. స్లో అంటే 30 సెకన్లకి ఒక మెసేజ్, 90 సెకన్లు ఏమీ రాకపోతే కేబుల్‌ని తీసేస్తుంది. ఫాస్ట్ అంటే సెకనుకి ఒకటి, 3 సెకన్లు చూస్తుంది. కేబుల్ ఊడితే ఎలాగూ వెంటనే తెలిసిపోతుంది కాబట్టి ఇంట్లో స్లో చాలు. మధ్యలో కన్వర్టర్లు ఉన్నచోట ఫాస్ట్ మంచిది.

విండోస్ యూజర్లకి ఒక హెచ్చరిక. మైక్రోసాఫ్ట్ సొంత నిక్ టీమింగ్ సర్వర్ ఎడిషన్లకే, 2012 నుంచి ఉంది. విండోస్ 10, 11 ఉన్న మామూలు పీసీల్లో దానికి సపోర్ట్ లేదు. కాబట్టి పీసీకి రెండో ల్యాన్ కార్డు కొనేసి అక్కడా ఎల్‌ఏసీపీ పెట్టేద్దాం అని ప్లాన్ వేసుకోవద్దు.

పనిచేస్తోందా లేదా?

బాండ్ స్పీడ్ 2000 అని చూపిస్తే సంబరపడొద్దు. అది కూడిక మాత్రమే. లినక్స్‌లో ప్రాక్ ఫోల్డర్‌లో నెట్, అందులో బాండింగ్ కింద ఉండే బాండ్ ఫైల్ తెరిచి రెండు విషయాలు చూడండి. పార్ట్‌నర్ మ్యాక్ అడ్రస్ అన్నీ సున్నాలైతే స్విచ్‌తో మాటే కుదరలేదని అర్థం. రెండు కార్డుల అగ్రిగేటర్ ఐడీ ఒకటే ఉండాలి. వేర్వేరుగా ఉంటే ఒక్కటే పనిచేస్తోందన్నమాట. సిస్కోలో షో ఈథర్‌ఛానల్ సమ్మరీ కొడితే పోర్ట్ పక్కన పీ అక్షరం కనిపించాలి. ఎస్ అంటే సస్పెండ్ అయింది, ఐ అంటే ఒంటరిగా ఉంది.

తర్వాత అసలు పరీక్ష. పెద్ద ఫైల్ కాపీ పెట్టి ఒక కేబుల్ లాగేయండి. కాపీ క్షణం తడబడినా ఆగకూడదు. అది తిరిగి పెట్టి, సర్దుకున్నాక రెండోది లాగండి. ఈ పరీక్ష చేయని రిడండెన్సీ ఉన్నా లేనట్టే. స్పీడ్ చూడాలంటే ఐపెర్ఫ్3 రెండు పీసీల నుంచి ఒకేసారి నడపండి. ఇద్దరికీ చెరో 940 ఎంబీపీఎస్ దగ్గర వస్తే హ్యాష్ మీకు కలిసొచ్చింది. చెరి సగం వస్తే ఇద్దరూ ఒకే కేబుల్ మీద పడ్డారు.

ఇంతకీ డబ్బు ఎక్కడ పెట్టాలి?

ఇప్పుడు లెక్క వేద్దాం. 100 జీబీ వీడియో ఫుటేజ్ నాస్ నుంచి మీ పీసీకి తేవాలి. గిగాబిట్ మీద సెకనుకు 110 ఎంబీ అనుకుంటే సుమారు 15 నిమిషాలు. నాస్‌కి రెండు కేబుళ్లతో ఎల్‌ఏసీపీ పెడితే? మళ్లీ 15 నిమిషాలే. 2.5 గిగాబిట్ అయితే, డిస్కులు అందుకోగలిగితే, సుమారు 6 నిమిషాలు. ఒక్క హార్డ్ డిస్క్ ఉన్న నాస్ అయితే ఆ డిస్కే అడ్డం పడుతుంది, అయినా గిగాబిట్ కంటే ముందే ఉంటుంది.

2.5 గిగాబిట్‌కి ఐఈఈఈ స్టాండర్డ్ 802.3బీజెడ్ 2016లోనే వచ్చింది. గోడల్లో ఇప్పటికే ఉన్న క్యాట్ 5ఈ కేబుల్ మీదే 100 మీటర్ల వరకు పనిచేసేలా దాన్ని తయారుచేశారు. మేనేజ్డ్ స్విచ్ అక్కర్లేదు, హ్యాష్ అక్కర్లేదు, రాత్రుళ్లు కూర్చోనక్కర్లేదు. ఈ మధ్య మదర్‌బోర్డుల్లో చాలావాటికి ఆ పోర్ట్ ఉంటోంది. లేని ల్యాప్‌టాప్‌కి యూఎస్‌బీ 3.0 అడాప్టర్ చాలు.

నాస్‌లో రెండు గిగాబిట్ పోర్టులే ఉన్నాయి, మార్చే దారి లేదు అంటారా? అప్పుడు ఎస్‌ఎంబీ మల్టీచానల్ గురించి చదవండి. విండోస్ 8తో వచ్చిన ఎస్‌ఎంబీ 3.0లో భాగం అది. సాంబాలో 4.15 వెర్షన్ నుంచి డిఫాల్ట్‌గా ఆన్ ఉంటుంది. రెండు వైపులా రెండేసి పోర్టులు ఉంటే ఒకే కాపీని అనేక కనెక్షన్లుగా విడగొట్టి రెండింటి మీదా పంపిస్తుంది. అంటే ఎల్‌ఏసీపీ చేస్తుందని మనం ఆశపడిన పని అసలు చేసేది ఇది. దీనికి స్విచ్‌లో ఏ సెట్టింగూ అక్కర్లేదు.

ఫోన్ నుంచి ఫోటోల బ్యాకప్‌కే నాస్ కొంటున్నారా? 2021 జూన్‌లో గూగుల్ ఫోటోస్ అన్‌లిమిటెడ్ ఫ్రీ బ్యాకప్ ఆపేశాక చాలామంది అటు చూశారు. 2x2 వైఫై 6 ఫోన్‌కి 80 మెగాహెర్ట్జ్ ఛానల్ మీద లింక్ రేట్ 1201 ఎంబీపీఎస్, చేతికి వచ్చేది అంతకంటే బాగా తక్కువ. అంటే ఒక ఫోన్ ఒక గిగాబిట్ కేబుల్‌నే నింపలేదు. రెండో కేబుల్ దేనికి?

మరి ఎవరికి పనికొస్తుంది?

ఇదంతా చదివి ఎల్‌ఏసీపీని తీసిపారేయొద్దు. రెండు స్విచ్‌ల మధ్య లింక్‌కి దానికి సాటి లేదు. కాలేజీ ల్యాబ్‌లో 40 సిస్టమ్‌లు కింద ఫ్లోర్ స్విచ్‌కి, అక్కడి నుంచి పైన సర్వర్ రూమ్‌కి ఒకే కేబుల్ ఉందనుకోండి. అది ఊడితే ఆన్‌లైన్ ఎగ్జామ్ మధ్యలో ఉన్న 40 మంది ఆగిపోతారు. ఊరికే రెండో కేబుల్ పెడితే స్పానింగ్ ట్రీ దాన్ని బ్లాక్ చేసి కూర్చోబెడుతుంది. ఎల్‌ఏసీపీతో కడితే రెండూ పనిచేస్తాయి. 40 మంది ట్రాఫిక్ కాబట్టి హ్యాష్ కూడా బాగానే పంచుతుంది. ఒకటి పోయినా పని నడుస్తుంది.

పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే స్టూడియో కూడా ఆ కోవలోకే వస్తుంది. నలుగురు ఎడిటర్లు ఒకే నాస్ నుంచి లాగుతుంటే, గిగాబిట్ ఒక్క కేబుల్‌లో తలా 30 ఎంబీకి మించి రాదు. రెండు కేబుళ్లు కడితే, హ్యాష్ కలిసొస్తే, దానికి రెట్టింపు. అయినా ఇక్కడ కూడా నాస్‌కి 2.5 గిగాబిట్ పోర్ట్ ఉంటే అది ఒక్కటే అంతకంటే ఎక్కువ ఇస్తుంది. రెండు 2.5 పోర్టులుంటే వాటిని ఎల్‌ఏసీపీతో కట్టండి, అప్పుడు వేగం, భద్రత రెండూ ఉంటాయి.

భద్రత అన్నా కదా, దాని హద్దు కూడా తెలియాలి. రెండు కేబుళ్లూ ఒకే స్విచ్‌లోకి వెళ్తే, ఆ స్విచ్ పోయిన రోజు రెండూ పోతాయి. రెండు స్విచ్‌లకి చెరొకటి కట్టాలంటే స్టాకింగ్ లేదా ఎంఎల్‌ఏజీ ఉన్న ఖరీదైన స్విచ్‌లు కావాలి. మన ఇళ్లల్లో కేబుల్ తెగడం కంటే కరెంటు పోవడం ఎక్కువ. నాస్‌కి, స్విచ్‌కి ఇంకా యూపీఎస్ లేకపోతే ముందు అది కొనండి.

చివరగా రివ్యూల గురించి ఒక మాట. నాస్ రివ్యూ అంటే ఒక పీసీతో ఎంత వచ్చింది, ఇద్దరు ముగ్గురు ఒకేసారి వాడితే ఎంత వచ్చింది, కేబుల్ లాగితే ఏమైంది అనే మూడూ ఉండాలి. స్పెక్ షీట్‌లో ఉన్న 2 జీబీపీఎస్‌ని తిరిగి రాస్తే, మొదటి జీతంతో నాస్ కొనుక్కునే కుర్రాడు అవసరం లేని మేనేజ్డ్ స్విచ్ కూడా కొంటాడు. ఆ డబ్బుతో అతనికి ఇంకో హార్డ్ డిస్క్ వచ్చేది, ఫోటోలకి రెండో కాపీ ఉండేది. స్పీడ్ తగ్గితే పది నిమిషాలు ఎక్కువ కూర్చుంటాం. ఉన్న ఒక్క కాపీ పోతే ఆ ఫోటోలు మళ్లీ రావు.